మహేశ్వరి మెడకోసం కొన్న బండి

మా బావమరిది నూకాలు దేన్నీ ఒక పట్టాన కొనే మనిషి కాదు. చెప్పుల జత కావాలన్నా పూర్ణామార్కెట్ అంతా తిరిగి, ప్రతి కొట్లోనూ బేరమాడి, చివరికి పాత చెప్పులకే కుట్టు వేయించుకుని ఇంటికొస్తాడు. అలాంటివాడు మూడు చక్రాల కరెంటు బండి కొంటానంటూ ఉక్కునగరం మా క్వార్టర్‌కి వస్తే, మా ఆవిడ సూర్యకాంతమ్మ తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు. మనిషి నిమ్మళంగానే ఉన్నాడు.

నేను స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడుపుతాను. పుట్టింది జాలరి కుటుంబంలోనే గానీ, ఉద్యోగం వచ్చాక పడవ ఎక్కలేదు. నూకాలు సముద్రాన్ని వదల్లేదు. వయసొచ్చిన దగ్గర్నుంచీ ఫిషింగ్ హార్బర్‌లో షావుకార్ల బోట్ల మీద కలాసీ. వేటకు పోతే వారం పది రోజులు కనబడడు. తిరిగొచ్చాక చేతికి ఎంత వస్తుందన్నది పడిన చేపను బట్టి ఉంటుంది, చేప పడకపోతే షావుకారు దయను బట్టి ఉంటుంది. అందుచేత ఆ ఇల్లు నడిపింది మొదట్నుంచీ వాడి పెళ్ళాం మహేశ్వరే.

మహేశ్వరి చేపలమ్ముతుంది. తెల్లవారేసరికి జెట్టీ మీద వేలంలో చేప పాడుకోవడం, ఐసు వేసి బేసిన్‌లో సర్దడం, ముప్పై కిలోల ఆ బరువును నెత్తికెత్తుకుని రోడ్డు దాకా నడవడం, బస్సులో అందరిచేతా నీసు కంపని తిట్లు తిని ఆనందపురం చేరడం. అసలు నడక అక్కడ మొదలయ్యేది. కానాగంతలు, కవళ్ళు లాంటి చవక చేపలు, రోజు బాగుంటే ఖరీదైన వంజరాలు నాలుగు. ఊళ్ళో అరువు పెట్టినవాళ్ళకు మర్నాడు మళ్ళీ అరువు పెట్టే పిచ్చిది. ఆ చుట్టుపక్కల రైతుల ఇళ్ళలో ఆదివారం కూర ఏమిటన్నది దాని గొంతు వీధి మలుపులో వినబడ్డాకే తేలేది.

మొదట వేళ్ళు తిమ్మిరెక్కాయి. చలికాలం కదా అనుకుంది. తరవాత కుడిచెయ్యి రాత్రిళ్ళు మొద్దుబారడం, పొద్దున్నే జడ వేసుకోలేకపోవడం. ఒకరోజు ఆనందపురంలో చేప కోస్తూ ఉండగా కత్తి జారి కాలిమీద పడింది. పడిన సంగతి చేతికి తెలియలేదు, కాలికి తెలిసింది. పెద్దాసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. మెడ ఎముకలు అరిగిపోయి నరాన్ని నొక్కేస్తున్నాయని డాక్టరు ఫొటో చూపించి చెప్పాడు. ఇక నెత్తి మీద బరువన్నది పెట్టకూడదు, పెడితే ఆ చెయ్యి పూర్తిగా పడిపోతుంది, పడిపోయాక ఆపరేషన్ చేసినా రాదు అన్నాడు. ఆ మాట వినేటప్పుడు మహేశ్వరి కుడిచేతిని ఎడంచేత్తో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది, ఎవరి బిడ్డనో ఎత్తుకున్నట్టు.

చేప అమ్మడం మానేస్తే ఇల్లు గడవదు. నెత్తిన పెట్టుకుంటే చెయ్యి పోతుంది. నూకాలు బండి ఆలోచన అందులోంచి పుట్టింది. తను బోటు దిగిపోతాడట. జెట్టీ నుంచి చేపను ట్రేలలో బండికెక్కించి, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఆనందపురం వీధుల్లో తిప్పి తీసుకొస్తాడట. కుర్రతనంలో అద్దె ఆటో తోలినవాడే, లైసెన్సు కూడా ఉంది. ఇంతవరకూ బాగానే ఉంది. ఏ బండి అన్నదగ్గర వచ్చింది గొడవ.

పాత డీజిల్ బండి తీసుకోమన్నాను నేను. కంచరపాలెంలో ఒకడు అమ్ముతున్నాడు, కొత్తదాని ధరలో మూడోవంతు. నూకాలు వెళ్ళి చూసొచ్చాడు. ఇంజను దగ్గు మనిషి దగ్గులా ఉందనీ, దాన్ని కొంటే గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు ఉంటుందనీ అన్నాడు. పోనీ గ్యాసు బండి అన్నాను. బంకు దగ్గర లైను చూశావా, నా వంతు వచ్చేలోగా చేప కుళ్ళిపోతుంది అన్నాడు. అద్దెకు మాట్లాడుకోమంది సూర్యకాంతమ్మ. చేపలమ్మేవాళ్ళను ఎక్కించుకునే ఆటోవాడు రెట్టింపు అడుగుతాడు, పైగా ఊరి మొదట్లో దించేసి పోతాడు, ఆ తరవాత మళ్ళీ నెత్తే అన్నాడు. ఇన్నీ వాడు ముందే తిరిగి ఆరా తీసి వచ్చాడు. మా సలహా కోసం కాదు, మా చేత ఔననిపించుకోవడానికి వచ్చాడు.

వాడి లెక్క వేరు. బోటు మీద వచ్చిన డబ్బును పాలు వేస్తారు. ముందు డీజిలాయిలు ఖర్చు, ఐసు ఖర్చు తీసేస్తారు. తరవాత బోటుకు పాలు, ఇంజనుకు పాలు, వలకు పాలు. మిగిలిన దాంట్లో మనుషులు పంచుకుంటారు. పని చేసే ప్రతి వస్తువుకూ వాటా ఉంటుంది, మనిషి అందరికంటే చివర.

"మొదటి ముద్ద ఎప్పుడూ ఆయిలే తింటాది బావా," అన్నాడు. "పుట్టి బుద్దెరిగినకాణ్ణించీ సూత్తన్నాను. ఆయిలు తాగని బండొకటి ఉన్నాదంటే, ఆ ముద్దేదో దాని సేతిలో ఎడదామని."

దాని అంటే మహేశ్వరి. ఆ మాటతో డీజిల్ బండి ఊసెత్తడం మానేశాను.

అయినా ఊరుకునే మనిషిని కాదు నేను. గాజువాక షోరూముకి వాడితోపాటు వెళ్ళి నా అనుమానాలన్నీ అడిగాను. అక్కడి సేల్స్ కుర్రాడు దేవీప్రసాద్ మెడకు టై కట్టుకుని, సబ్సిడీ, కిలోమీటరుకు ఎంత పడుతుంది, డీజిలైతే ఎంతయ్యేది, అన్నీ గడగడా చెప్పాడు. ఒక చార్జింగ్‌కి ఎంత దూరం వస్తుందంటే వాడు చెప్పినదానికీ నిజానికీ మధ్య భోగాపురం అంత దూరం ఉంటుందని నాకు తెలుసు. నూకాలు అవేవీ వినలేదు. బండి కింద దూరి బ్యాటరీ పెట్టె అతుకులు తడిమి చూశాడు. ఐసు నీళ్ళు కారితే ఏమవుతుంది, ఉప్పుగాలికి ఏమవుతుంది అని అడిగాడు. మర్నాడు నిజంగానే ఐసు నింపిన ట్రేలు తెచ్చి బండిలో పేర్చి, దేవీప్రసాద్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఎండాడ ఎత్తు ఎక్కించి తెచ్చాడు. బండి బాగానే ఎక్కింది. టై మాత్రం నీసు వాసన కొట్టి పనికిరాకుండా పోయింది.

చార్జింగ్ ఎక్కడ పెట్టాలన్నది ఇంకో బాధ. జాలరిపేటలో వాళ్ళ ఇల్లు సందులో సందు. మీటరు ఫ్యానుకీ టీవీకీ సరిపోయేది. లోడు పెంచమని కరెంటాఫీసు చుట్టూ తిరిగి, గుమ్మం పక్కన వేరే ప్లగ్గు పెట్టించుకున్నాడు. నిప్పంటే వాడికి భయం. హార్బర్‌లో బోట్లు తగలబడిపోయిన రోజు జెట్టీ మీద నిలబడి చూసినవాడు. బ్యాటరీలు పేలిపోతున్నాయని ఫోన్లో వీడియోలు కూడా చూశాడు. అందుకే నిండా చార్జింగ్ అయ్యాక వదిలెయ్యొద్దు, ప్లగ్గు తీసెయ్యాలి అని దేవీప్రసాద్ చెప్పిన ఒక్కమాట మాత్రం మనసులో గట్టిగా పెట్టుకున్నాడు.

అసలు మనిషికి ఈ బండి ఇష్టం లేదు. మహేశ్వరి నన్ను పక్కకు పిలిచి, వాడిని ఆపమంది.

"నా మెడకి అంత డబ్బెందుకన్నయ్యా? ఇంకో నాలుగేళ్ళు లాగిత్తే సాలు. అప్పుటికి సెయ్యి పడిపోతే పడిపోద్ది."

నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పడిపోతే జడెవరు వేస్తారు, కంచంలో ముద్ద ఎవరు కలుపుతారు అని కేకలేశాను. తల వంచుకుంది. మర్నాడు తనే మెడలో గొలుసు తీసి నూకాలు చేతిలో పెట్టింది. మిగిలినదానికి ఫైనాన్సు. సంక్రాంతి వెళ్ళిన వారానికి బండి ఇంటికొచ్చింది.

తరవాతి మూడు నెలలు నేను నా నోటితో వాడిని మెచ్చుకున్నాను. అది రికార్డు. పొద్దున్నే చప్పుడు లేకుండా బండి జెట్టీ మీదకు వస్తుంటే మిగతా ఆడవాళ్ళు అదిరిపడి పక్కకు తప్పుకునేవాళ్ళు. మహేశ్వరి బండి వెనక చెక్కబల్ల మీద కూర్చుని తూకం వేసేది, నూకాలు చేప కోసేవాడు. ఆనందపురం దాటి తగరపువలస సంత దాకా కూడా వెళ్ళేవాళ్ళు. ఇంకో ఇద్దరు చేపలమ్మేవాళ్ళు తమ బేసిన్లు కూడా ఎక్కించమన్నారు, వాళ్ళ దగ్గర బండి పాలు అని కొంత పుచ్చుకునేవాడు. ముందుముందు బ్యాటరీ మార్చాల్సి వస్తుందని దానికీ రోజూ ఒక పాలు పక్కన పెట్టేవాడు. అంత ముందుచూపు ఉన్నవాడు. మహేశ్వరి కుడిచెయ్యి నెమ్మదిగా పట్టు తెచ్చుకుంది. ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, చూడన్నయ్యా అని నీళ్ళ చెంబు ఎత్తి చూపించింది. చెంబు ఎత్తడం కూడా గొప్పే అని నేను నవ్వాను గానీ, మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఏప్రిల్ మధ్యలో వేట బందు వచ్చింది.

ఏటా వచ్చేదే. చేప గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సర్కారు బోట్లను సముద్రంలోకి వెళ్ళనివ్వదు. హార్బర్ నిండా బోట్లు కట్టేసి ఉంటాయి. చేప లేదు కాబట్టి బండికి పని లేదు. ఊరికే ఉంచడమెందుకు, ఆనందపురంలో పూల రైతుల దగ్గర కిరాయి అడగమన్నాను. వెళ్ళాడు. ఒక రైతు బండి దగ్గరకొచ్చి ముక్కు మూసుకుని, ఇందులో మల్లెపూలు వేస్తే పెళ్ళికూతురు మండపంలోంచి లేచిపోతుందన్నాడట. సబ్బు పెట్టి కడిగాడు, ఫినాయిల్ పోశాడు. చెక్కకు పట్టిన నీసు పోతుందా? కూరగాయలవాళ్ళూ అదే మాట. ఆఖరికి బండి పక్కన పెట్టి పోర్టులో కూలికి కుదిరాడు.

పక్కన పెట్టడమంటే మామూలుగా కాదు. బందులో బోటును ఎలా పెడతారో అలా పెట్టాడు. బోటును కడుగుతారు, ట్యాంకులో ఆయిలు మొత్తం తీసేస్తారు. నిలవున్న ఆయిల్లో నీళ్ళు దిగి ఇంజను పాడవుతుందని వాళ్ళకు తాతలనాటి నుంచి తెలుసు. ఖాళీ ట్యాంకు కంటే మేలైనది లేదు. పైగా బ్యాటరీలో కరెంటు ఉంటేనే కదా నిప్పు భయం. అందుకని నూకాలు ఒక సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఆ కొసకూ ఈ కొసకూ బండిని తిప్పీ తిప్పీ, పూర్తిగా ఆగిపోయేదాకా తోలాడు. ఆగిపోయాక తమ్ముళ్ళ వరసవాళ్ళు నలుగురు కలిసి సందులోకి తోసుకొచ్చారు. టైర్లు నేలకు ఆనకుండా ఇటుకల మీదకు ఎత్తారు. టార్పాలిన్ కప్పి, పాత వల తాడుతో బిగించి కట్టారు. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, రెండు నెలలు పడుకోమని చెప్పి వచ్చాడు. పేటలో అందరూ చూసి, బోటును చూసుకున్నంత శ్రద్ధగా చూసుకుంటున్నాడని మెచ్చుకున్నారు కూడా. ఉక్కునగరంలో ఉన్న నాకు ఈ సంగతులేవీ తెలియవు.

ఆ రెండు నెలల్లో కొన్నాళ్ళు మహేశ్వరి మా ఇంట్లోనే ఉంది. మెడకు పట్టీ వేయించి, మరదల్ని గిన్నె కూడా తోమనివ్వలేదు సూర్యకాంతమ్మ. మధ్యాహ్నాలు నిద్రపోవడం అలవాటు లేక మంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకునేది. తరవాత నిజంగా నిద్రపోవడం నేర్చుకుంది. వేళ్ళ తిమ్మిరి పోయింది. జడ తనే వేసుకుంది. జూన్ మొదటి వారంలో జాలరిపేటకు తిరిగి వెళ్ళేటప్పుడు సంచి కుడిచేత్తో పట్టుకుని వెళ్ళింది.

బందు తీయడానికి రెండు రోజుల ముందు నూకాలు టార్పాలిన్ విప్పి, బండి దించి, ప్లగ్గు పెట్టాడు. చార్జర్ మీద లైటు వెలగలేదు. ప్లగ్గు మార్చాడు. పక్కింటి నుంచి వైరు లాగాడు. చీకటి పడేదాకా చూసి నాకు ఫోన్ చేశాడు. మర్నాడు డ్యూటీ మార్చుకుని వెళ్ళాను. ఇంకో ఆటోకు తాడు కట్టి షోరూముకి లాక్కెళ్ళాం. అక్కడి మెకానిక్ వెంకటేష్ తగరపువలస కుర్రాడు. మెత్తని మనిషి. పెట్టె విప్పి మీటరు పెట్టి చూసి, ఎన్నాళ్ళుగా తిప్పలేదని అడిగాడు. నూకాలు అంతా చెప్పాడు. ఖాళీ చేసి పెట్టానని గర్వంగానే చెప్పాడు.

"ట్యాంకు కాదు బాబాయ్ ఇది," అన్నాడు వెంకటేష్. "కాళీగా వదిలీత్తే లోపల సెల్లు సచ్చిపోద్ది. సగం చార్జింగుంచి, నెలకోపాలి సూసుకోవాల. ఇప్పుడింక చార్జింగెక్కిత్తే ప్రెమాదం కూడాను."

"మరి కొన్నప్పుడు ఎవులూ సెప్పలేదేటి?"

వెంకటేష్ పెట్టె మూత బిగిస్తూ అన్నాడు. "అప్పు సేసి బండి కొన్నోడు రెండు నెల్లు కట్టేసి ఉంచుతాడని ఎవులనుకుంటారు బాబాయ్?"

వారంటీ రాదన్నారు. మేనేజరుతో నేను దెబ్బలాడాను, టేబుల్ మీద గుద్దాను, నేను క్రేన్ ఎక్కితే కిందివాళ్ళంతా చిన్నగా కనబడతారు, నీ కుర్చీలోంచి మేమూ అలాగే కనబడుతున్నామా అని ఏవేవో అన్నాను. వాడు ఏసీ తగ్గించి మంచినీళ్ళు ఇప్పించాడు. కొత్త బ్యాటరీ ధర బండి ధరలో సగం పైన. నూకాలు పక్కన పెట్టిన బ్యాటరీ పాలు దానికి గోరంత. దాన్నీ బందు రోజుల్లో వాయిదాకు కట్టేశాడు. బండి అమ్మేద్దామంటే, బ్యాటరీ లేని బండికి పాతసామాన్ల ధర చెప్పారు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. వాయిదా మాత్రం నెలనెలా ఆగదు. నేను పీఎఫ్ లోను పెడతానన్నాను. అది రావడానికి నెలలు పడుతుంది, అందులోనూ సగం మా పెద్దదాని కాలేజీ ఫీజుకు ముందే మాటిచ్చినదే. ఆ సంగతి నాకంటే వాడికే బాగా తెలుసు. వద్దన్నాడు.

ఇంటికొచ్చి మహేశ్వరికి చెప్పాల్సిన పని నామీద పడింది. ఖాళీగా పెట్టినందుకు పోయిందని చెప్పాను. 

"నానూ రెండు నెల్లు కాళీగానే పడుకున్నాను కదన్నయ్యా," అంది. "నాకు పేణం లేసొచ్చింది. దానికెందుకు పోనాది?"

 

నూకాలు షావుకారు దగ్గరకు వెళ్ళి మళ్ళీ బోటు అడిగాడు. దిగిపోయినవాడికి పాత చోటు ఉండదు. ఇంకో బోటు మీద, కొత్తగా చేరిన కుర్రాళ్ళ కంటే తక్కువ పాలుకు ఒప్పుకున్నాడు. వాడిని తప్పుపట్టినవాళ్ళు పేటలో లేరు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాళ్ళలో ఎవరున్నా అదే చేసేవాళ్ళు. ఏటా చేస్తున్నదే వాడూ చేశాడు, కాకపోతే బోటు కానిదానికి చేశాడు.

బోటు బయల్దేరే పొద్దున నేను జెట్టీ మీదే ఉన్నాను. ముందే వెళ్ళొచ్చిన బోట్ల నుంచి బందు తరవాత మొదటి చేప దిగుతోంది, కాలు పెట్టే చోటు లేదు. మహేశ్వరి వేలంలో కానాగంతలు పాడుకుని, ఐసు వేసి బేసిన్ నింపింది. నిండిన బేసిన్‌ను ఎవరూ ఒంటరిగా నెత్తికెత్తుకోలేరు. పక్కనున్నవాళ్ళు ఓ చెయ్యి వెయ్యాలి. చేపలమ్మేవాళ్ళ మధ్య అది అడగకుండానే జరిగిపోయే పని. ఆ రోజు జరగలేదు. మహేశ్వరి గుడ్డను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని పిలిస్తే, ఒకావిడ తన ట్రేలు సర్దుకుంటున్నట్టు తల తిప్పుకుంది. ఇంకొకావిడ, "నాను ఎత్తనే. నీ సెయ్యి పోతే నీ ఉసురు నాకు తగుల్తాది," అని సూటిగానే చెప్పి వెళ్ళిపోయింది. బండిలో బేసిన్ పెట్టుకుని వచ్చిన మనిషే ఆమె.

నేను జేబులోంచి డబ్బు తీసి, ఆటో మాట్లాడతాను ఉండమన్నాను.

"ఈయేల నువ్వు కడతావన్నయ్యా. రేపో?" అంది మహేశ్వరి. కోపంగా అనలేదు.

తరవాత బోటు వైపు చూసింది. నూకాలు ఐసు గడ్డలు లోపలికి అందిస్తున్నాడు. ఇదంతా చూస్తూనే ఉన్నాడు, చూడనట్టు చేతులు ఆడిస్తున్నాడు.

"మావా, రా," అంది. "ఎండెక్కితే సేప పాడైపోద్ది."

వాడు దిగి వచ్చాడు. నా వైపు చూడలేదు. బేసిన్‌కు అటువైపు వంగి, రెండు చేతులూ అంచు కింద పెట్టి, ఒకసారి ఊపిరి పీల్చి ఎత్తాడు. మహేశ్వరి మోకాళ్ళు కాస్త వంచి కిందకు దూరింది. బరువు నెత్తిమీద కుదురుకున్నా వాడు చేతులు తియ్యలేదు. తను రెండడుగులు వేస్తే వాడూ బేసిన్ పట్టుకుని రెండడుగులు వేశాడు. బోటు మీద నుంచి తోటి కలాసీలు కేకలేస్తున్నారు. "ఒదిలీ మావా," అంది మహేశ్వరి మెల్లగా. వాడు వదిలేశాడు.